తివాచీ మీద ఆగిన మనిషి

“ఫిల్ము వస్తే చాలు. మనిషి రాకపోయినా పరవాలేదు.”

ఇనాగాకి ఆ మాటను నూడుల్సుతో పాటు నమిలి చెప్పాడు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి తినే కొట్టు అది. పక్కన తింటున్నది ఎవరో ఎవరికీ పట్టదు. రైలు అందుకోవడమే అందరి గొడవ. టోక్యోలో బోర్డు లేని ఒక గూఢచారి విభాగం ఉంది. లోపలివాళ్ళు దాన్ని ఆరో గది అంటారు. ఇనాగాకి దానికి అధికారి. వయసులో చిన్నవాడు, టై మీద చారు పడకుండా తినడం తెలిసినవాడు. అంతకుమించి అతని గురించి చెప్పడానికేమీ లేదు.

ఉదగావా తన గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాడు. సర్వీసంతా ఇలాంటి గిన్నెల మీదే మిషన్లు అందుకున్నాడు. ఒక్కసారైనా చారు వేడిగా ఉండగా తిన్న గుర్తు లేదు.

“మనిషంటే ఎవరు?”

“రురికో. కసహామా రేవులో క్యాబరే పాటగత్తె. పీతల ముఠాలో మన డబుల్ ఏజెంట్.”

ఉదగావాకు ముఠా సంగతి తెలుసు. సముద్రానికి అవతలి దేశం నుంచి పీతల ఓడల్లో వస్తారు. బుట్టల మీద పీతలుంటాయి. తిరిగి వెళ్ళేటప్పుడు అవే బుట్టల అడుగున ఇక్కడి రహస్యాలుంటాయి.

“మన ఆఫీసులోంచే వాళ్ళకు సమాచారం అమ్ముతున్నవాడొకడున్నాడు,” అన్నాడు ఇనాగాకి గొంతు తగ్గించి. “ముఠా నాయకుడితో కూర్చుని తాగుతుండగా రురికో వాడి ఫొటో తీసింది. వాడెవడో ఆమెకు తెలీదు. మొహం చూస్తే మనకు తెలుస్తుంది. మైక్రోఫిల్మ్ ఆమె దగ్గరే ఉంది.”

“ఇంకా ఇవ్వలేదేం?”

“షరతు పెట్టింది. తనను ఊరు దాటించాలట. బండి కదిలాకే ఫిల్ము చేతికిస్తుందట. సరే, ఆమె బతికుండగా ఇస్తే తీసుకోండి. లేకపోతే వెతికి తీసుకోండి. ఫిల్ముకు ఇల్లు చూపించక్కర్లేదు, భోజనం పెట్టక్కర్లేదు.”

ఉదగావా నవ్వుతాడేమోనని ఇనాగాకి చూశాడు. ఉదగావా నవ్వలేదు.

“హంతకుడొకడు వస్తున్నాడు. విదేశీయుడు, బొమ్మలు గీసేవాడి వేషంలో ఉంటాడు. అక్కడి మన ఏజెంట్ సెకినె కబురు పంపాడు. మీకు బ్యాకప్ కూడా అతనే. కలిసే చోటు కసహామాలో గవర్నరు పాత కచేరీ, ఇప్పుడది మ్యూజియం. రేపు మధ్యాహ్నం. మీరు ఒక పల్లెటూరి వృద్ధుల సంఘం బస్సు యాత్రలో వెళ్తారు.” ఇనాగాకి చేతిరుమాలుతో మూతి తుడుచుకున్నాడు. “వేషం పెద్దగా అక్కర్లేదనుకుంటాను.”

సెకినె మాట వినడానికి చెవిటి మిషన్‌లో ఇమిడిపోయే రేడియో ఒకటి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఉదగావా భార్య పోయినప్పుడు ఆరో గది పూలచక్రం పంపింది. దాని మీద ఆమె పేరు తప్పు రాశారు. ఆ రోజు నుంచి ఆఫీసు చెప్పిన పని చేయడం అతను మానలేదు. ఆఫీసును నమ్మడం మానేశాడు.

* * *

బస్సులో అతనికి దొరికిన సీటు హిరోసె అనే ముసలాయనది. ఆయన మోకాలి నొప్పితో ఊళ్ళోనే ఆగిపోయాడు. ఉదగావా ఆయన బావమరిది అని సంఘం పెద్దతో చెప్పించారు. పక్క సీటులో యోనె బామ్మ కూర్చుంది. ఆమె ఒళ్ళో కమలాపళ్ళ సంచి, కళ్ళలో అనుమానం.

“హిరోసెకు బావమరిది ఉన్నాడని నలభయ్యేళ్ళలో ఎప్పుడూ వినలేదే.”

“దూరాన ఉంటానండీ.”

“పెళ్ళికి రాలా, ఆళ్ళమ్మ పోతే రాలా, బస్సు యాత్రకు మాత్రం ఊడిపడ్డావు.”

“టిక్కెట్టు ఊరికే పోతుందన్నారు.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!” బామ్మ తృప్తిగా కమలాపండు తీసి చేతిలో పెట్టింది. “చెవుడా?”

“కొంచెం.”

“మంచిదిలే. మా ఆయనక్కూడా ఉండేది. కాపురం సుఖంగా సాగింది.”

చెవిటి మిషన్ గరగరమంది. చేపల మార్కెట్ రేట్లు వినిపించాయి, ఆ తరువాత సముద్రం మీద గాలివాన హెచ్చరిక. ఆరో గది పనిముట్లలో ఇదే బాగా పనిచేసేది.

కసహామాలో వాన పడుతూనే ఉంది. పాత కచేరీ ఎర్ర ఇటుకల మీద నీళ్ళు కారుతున్నాయి. ఒకప్పుడు ఈ జిల్లా మొత్తం ఈ మెట్ల ముందు టోపీ తీసి నిలబడేది. ఇప్పుడు అధికారులంతా వెనకనున్న సిమెంటు డబ్బాలోకి మారిపోయారు. ఇక్కడ మిగిలింది కుర్చీలు, తెరలు, మేఘాల్లాంటి సున్నపు పూల పైకప్పు. ఎవరూ పని చేయని ఆఫీసు అందంగానే ఉంటుంది.

గుమ్మంలో బూట్లు విప్పి అరల్లో పెట్టి, సందర్శకుల చెప్పులు తొడుక్కోవాలి. గోధుమరంగువి, మడమ లేనివి. తెల్ల గ్లవుజులు వేసుకున్న గైడమ్మ అప్పటికే మొదలుపెట్టింది.

“మేడ మీద తివాచీ నూరేళ్ళ నాటిది. మరుగుదొడ్డి వాకిట్లో ఆకుపచ్చ చెప్పులుంటాయి. ఇవి బయట విప్పి, అవి వేసుకుని లోపలికెళ్ళండి. వచ్చేటప్పుడు అవి అక్కడే వదిలేయండి. దయచేసి వాటితో తివాచీ మీదికి...”

“మాకా చెప్తున్నావు తల్లీ?” యోనె బామ్మ అడ్డుపడింది. “మూడేళ్ళ పిల్లకు తెలుసు ఆ సంగతి. తివాచీ కబుర్లు చెప్పు.”

గుమ్మం పక్కన మెడలో కెమెరాతో ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. సెకినె. బట్టతల, మెత్తని నవ్వు. గొడుగు దులుపుకుంటున్నట్టు ఉదగావా పక్కకు వచ్చాడు.

“చిక్కిపోయావన్నా.”

“నువ్వు లావయ్యావు.”

“రేవు తిండి. బొమ్మలవాడు పైనే ఉన్నాడు. కొలువు హాల్లో, కిటికీ దగ్గర. పొడుగాటివాడు. నేనీ గుమ్మం వదలను. దిగితే నా ముందు నుంచే దిగాలి.”

ఉదగావా తల ఊపాడు. సెకినె అతనికి తమ్ముడిలాంటి పాత సహోద్యోగి. ఇద్దరూ ఒకే ఏడాది శిక్షణ పొందారు. ఒకరిని టోక్యోలో ఉంచారు. ఇంకొకరిని ఈ వానలోకి పంపి మరచిపోయారు.

* * *

కొలువు హాలు పెద్దది. ఒక కొస ఎత్తు మీద గవర్నరు కుర్చీ. రెండో కొస నడవలోకి తెరుచుకుంటుంది. నడవ చివర మరుగుదొడ్డి. నడవ నుంచి కుర్చీ దాకా ఎర్ర తివాచీ. వానవెలుగులో అది పాత రక్తం రంగులో కనిపించింది.

కిటికీ దగ్గర బంగారురంగు జుట్టు కుర్రవాడు, విదేశీయుడే, పైకప్పు మీది పూలు గీస్తున్నాడు. పక్కన తోలు సంచి. ఉదగావా ఆ సంచిని చూశాడు, అతని చేతులను చూశాడు. పొడవైన, నిదానమైన చేతులు. హంతకులకూ అలాంటివే ఉంటాయి.

అప్పుడు రురికో వచ్చింది.

బూడిదరంగు నక్కతోలు కాలరు, ఎర్రని గోళ్ళు, ఒకప్పుడు ఓడలను ఆపిన కళ్ళు. అంతటి మనిషీ ఆ సందర్శకుల చెప్పుల్లో బాతులాగే నడిచింది. ముసలాళ్ళు దారిచ్చారు. ఒక తాత ఊపిరి పీల్చడం మరిచిపోతే పక్కనున్న భార్య మోచేత్తో గుర్తుచేసింది.

ఆమె ఉదగావా పక్కన ఆగి, కుర్చీ వైపు చూస్తూ అంది: “ఈ తివాచీ మీద నడవొచ్చా అండీ?”

అది కోడ్. జవాబు అతనిది.

“నడవడానికే గదమ్మా పరిచింది.”

ఆమె భుజాలు కొద్దిగా దిగాయి. ఇద్దరూ గవర్నరు సిరాబుడ్డి చూస్తున్నట్టు ముందుకు వంగారు.

“ముసలాయన్ని పంపారా?”

“మిగతావాళ్ళకు పనులున్నాయి.”

“అంటే నాతో పని అయిపోయిందన్నమాట.” కోపం లేదు. చలి ఎక్కువగా ఉందన్నట్టు అంది. “ఈ చోటు నేనే అడిగా. ఎందుకో తెలుసా? ఈ చెప్పుల్లో ఎవడూ పరిగెత్తలేడు. బూట్లన్నీ ఒకే గుమ్మం దగ్గరుంటాయి. నన్ను చంపినవాడు కూడా క్యూలో నిలబడి బూట్లు వేసుకోవాల్సిందే.”

“ఫిల్ము?”

“లిప్‌స్టిక్‌లో ఉంది. బండి కదలనీ.”

“నా మాట మీద నమ్మకం లేదా?”

“పన్నెండేళ్ళు రెండు దేశాలకు పనిచేశానండీ. రెండు వైపులా ఒకే మాట: ఇంకొక్క ఏడాది ఓపిక పట్టు, అంతే. ఇక నాకు బండి చక్రం మీదే నమ్మకం.” సిరాబుడ్డి మీద నుంచి చూపు తీయకుండా అడిగింది. “నన్ను బతికించి తీసుకెళ్ళమని చెప్పారా, ఫిల్ము తెమ్మని చెప్పారా?”

ఉదగావా అబద్ధం చెప్పగలడు. అదే అతని వృత్తి. ఎందుకో ఆ రోజు బద్ధకించాడు.

“ఫిల్ము.”

“ఊఁ. మరి మీరేం చేస్తారు?”

“నాకు ఇద్దరినీ కలిపి మోయడమే సులువు. విడదీస్తే నడుము నొప్పి.”

ఆమె మొదటిసారి నవ్వింది.

చెవిలో గరగర. సెకినె గొంతు, ఊపిరి కలిసిన గుసగుస. వెనక ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు.

“అన్నా, నేను గుమ్మం దగ్గరే ఉన్నా. తలుపు అద్దంలో మీ కిటికీ కనిపిస్తోంది. బొమ్మలవాడు సంచిలో చెయ్యి పెట్టాడు. వదలకు. ఇప్పుడే పట్టుకో!”

ఉదగావా తల తిప్పాడు. నిజమే. కుర్రవాడు సంచి తెరిచి ఏదో వెతుకుతున్నాడు. ఉదగావా రురికోను కుర్చీ పక్కనే వదిలి హాలు అడ్డంగా నడిచాడు. పరిగెత్తబోయాడు గాని ఎడమ చెప్పు జారిపోయింది. దాన్ని వదిలేసి వెళ్ళి కుర్రవాడి మణికట్టు పట్టుకుని సంచిలోంచి పైకి లాగాడు.

ఆ చేతిలో రబ్బరు ముక్క ఉంది.

కుర్రవాడు బెదిరిపోయి వచ్చీరాని భాషలో అన్నాడు: “పువ్వు... పువ్వు తప్పు వచ్చింది తాతగారూ. చెరపకూడదా?”

ఉదగావా అతని మణికట్టు వదిలేశాడు. ఆ పువ్వు నిజంగానే తప్పుగా ఉంది. వీడు హంతకుడు కాడు. వీడు హంతకుడని చెప్పినవాడు ఎవడు?

అదే క్షణంలో వెనక నడవలో యోనె బామ్మ కేక పెట్టింది.

“ఏమయ్యోయ్! మరుగుదొడ్డి చెప్పులతో తివాచీ ఎక్కుతావా? నీకు అమ్మ లేదా?”

హాలంతా అటు తిరిగింది.

నడవ నుంచి వచ్చిన మనిషి ఎర్ర తివాచీ మీద సగం దూరం వచ్చేశాడు. మెడలో కెమెరా, చేతిలో చుట్టచుట్టిన కరపత్రం, కాళ్ళకు ఆకుపచ్చ చెప్పులు. వెనక మరుగుదొడ్డి వాకిట్లో గోధుమరంగు చెప్పుల జత కొసలు బయటికి తిప్పి పొందికగా పెట్టి ఉంది. తొడుక్కోవడం మరిచిపోయాడు. రురికో ఒంటరిగా దొరికేది ఆ కొన్ని క్షణాలే మరి.

ఆ మనిషి సెకినె. రురికోకు నాలుగు అడుగుల దూరంలో ఉన్నాడు.

ముందుకే వెళ్ళిపోయి ఉంటే పని అయిపోయేది. ఒక ముసలమ్మ అరుపుకు ఆగే హంతకుడు ఏ దేశంలోనూ ఉండడు. కాని సెకినె ఆగాడు. కిందికి చూశాడు. తన కాళ్ళకు ఉన్నవి చూసి అతని మొహం, మెడ, బట్టతల, అన్నీ ఎర్రబడ్డాయి. “అయ్యో... క్షమించండి, క్షమించండి” అని బామ్మ వైపు తిరిగి నడుము వంచాడు. చెప్పులు మార్చుకోవడానికి వెనక్కి ఒక అడుగు కూడా వేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి తనెందుకు వచ్చాడో.

గుమ్మం దగ్గరున్నానన్నవాడు మేడ మీద మరుగుదొడ్డిలోంచి వచ్చాడు. చెవిలో కారిన నీళ్ళు వాననీళ్ళు కావు. ఇవన్నీ ఉదగావా తరువాత తీరిగ్గా ఆలోచించుకున్నాడు. అప్పుడు మాత్రం రెండో చెప్పు కూడా విసిరేసి సాక్సులతో తివాచీ మీదికి దూకాడు.

సెకినె మళ్ళీ రురికో వైపు తిరిగాడు. చుట్టిన కరపత్రం కొసలోంచి సన్నని సూది మెరిసింది. చెయ్యి లేచింది. సూది నక్కతోలు కాలరును తాకిందో లేదో ఉదగావా భుజం అతని డొక్కలో దిగింది. ఇద్దరూ కలిసి కిటికీ తెర మీద పడ్డారు. సూది మఖ్మలులో గుచ్చుకుని విరిగింది. బుస్సుమని చేదుబాదం వాసన, సయనైడ్ విషానిది.

“తెరలు ముట్టుకోకూడదు!” గైడమ్మ కీచుమంది. “అవి జాతీయ సంపద!”

“కిటికీ తెరవమ్మా ముందు!” అన్నాడు ఉదగావా సెకినె చెయ్యి వెనక్కి మడుస్తూ. “సంపద తరువాత దులుపుకోవచ్చు.”

బంగారురంగు జుట్టు కుర్రవాడు కిటికీ తెరిచాడు. వానగాలి లోపలికి కొట్టింది. సెకినె పెనుగులాడలేదు. రెండు చెప్పులూ ఊడిపోయాయి. ఒక సాక్సుకు చిల్లు ఉంది. అది కనపడకుండా కాలు ముడుచుకున్నాడు.

“ఫొటోలో ఉన్నది నువ్వేనా?” అన్నాడు ఉదగావా.

“నేనే అన్నా.”

“ఎందుకురా?”

సెకినె కప్పు మీది పూలను చూశాడు. “నన్ను ఈ ఊళ్ళో పడేసిన నాటి నుంచి ఆరో గది ఒక్క కొత్త సంవత్సరానికీ కార్డు పంపలేదు. ముఠావాళ్ళు ఏటేటా పంపారు. చేత్తో రాసి. పిల్లల పేర్లు కూడా సరిగ్గా రాసేవాళ్ళు.”

ఉదగావాకు ఒక పూలచక్రం గుర్తొచ్చింది. అయినా పట్టు సడలించలేదు. పేరు తప్పు రాశారని తనెవరినీ చంపబోలేదు.

“ఒక్క అడుగు,” అన్నాడు సెకినె. “వాళ్ళ దగ్గర చంపడం నేర్చుకున్నా. ఆగకుండా ఉండడం రాలేదు. మా అమ్మ నేర్పిందే ముందొచ్చింది.”

“ఉందన్నమాట అమ్మ,” అంది యోనె బామ్మ. ఇంకేమీ అనకుండా ఆకుపచ్చ చెప్పులను కొసలతో పట్టుకుని యథాస్థానంలో పెట్టి వచ్చింది.

* * *

ఇనాగాకి నల్లకారులో వచ్చాడు. అంత త్వరగా వచ్చాడంటే ఊళ్ళోనే ఎక్కడో వెచ్చగా కూర్చుని ఉండాలి. సెకినెను కారు ఎక్కించారు. ఇనాగాకి మెట్ల కింద గొడుగులో నిలబడ్డాడు. రెండో గొడుగు తేలేదు.

“భేష్. ఇక ఫిల్ముతో కూడా పని లేదు. మనిషే దొరికాడు కదా.”

“రురికోను ఏ బండిలో పంపుతున్నారు?”

“ఎక్కడికి?”

“దాటిస్తామన్నాం.”

“ఫిల్ముకు బదులుగా అన్నాం. ఫిల్ము అక్కర్లేదుగా.” ఇనాగాకి విసుగ్గా గడియారం చూసుకున్నాడు. “క్యాబరేకు వెళ్ళి పాడుకోమనండి. ముఠాకు ఆమె మీద ఉన్నది ఒట్టి అనుమానం.”

“సాయంత్రానికల్లా రూఢి అవుతుంది. సెకినె తిరిగి రాకపోతే వాళ్ళు ముందు వెతికేది ఆమెనే.”

“అది మన ఫైలు కాదు.”

కారు వెళ్ళిపోయింది. బూట్ల అరల దగ్గర రురికో ఒక కాలు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. మాటలన్నీ విన్నది. ఏడవలేదు. ఎటు వెళ్ళాలో తెలియని మనిషికి బూటు తొడుక్కునే తొందర ఉండదు.

“లేమ్మా,” అన్నాడు ఉదగావా. “బండి ఉంది.”

* * *

బస్సులో యోనె బామ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది.

“ఎవరీ పిల్ల?”

“మా చెల్లెలండీ.”

“హిరోసె బావమరిదికి చెల్లెలంటే హిరోసె పెళ్ళామే కదా. ఆవిడ ఇంటి దగ్గర ఆయన మోకాలికి మందు రాస్తోందే?”

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఉదగావా వేషం ఇంత త్వరగా ఎప్పుడూ పట్టుబడలేదు. బామ్మ అతన్ని అలాగే కాసేపు వేలాడదీసి, రురికో మెడ మీద కాలరు సర్దింది. సూది తాకిన చోట తోలు మీద నల్లటి మచ్చ ఉంది. బామ్మ దాన్ని వేలితో రాసి చూసింది.

“ముల్లంగి దుంపలు కడగడం వచ్చా?”

“రాదండీ.”

“ఆ గోళ్ళు తీసేస్తే అదే వస్తుంది. ఊరగాయల పని వసంతం దాకా ఉంటుంది. మా కోడలి గది ఖాళీగా ఉంది. మా ఊరికి కొత్తవాడెవడన్నా వస్తే పొలిమేరలోనే కుక్కలతో పాటు నేను కూడా మొరుగుతా.” వెనక్కి తిరిగి కేక వేసింది. “జరగండే! హిరోసె చుట్టాలు ఇంకా వస్తున్నారు!”

బస్సు కదిలింది. రురికో లిప్‌స్టిక్ తీసి ఉదగావా చేతిలో పెట్టింది. “మాట మాటే.” అతను కాసేపు దాన్ని పట్టుకుని, కమలాతొక్కల సంచిలో వేశాడు. వెనక రేవు, దాని వెనక సముద్రం, వానలో కలిసిపోయాయి. ఆమె కళ్ళు మూసుకుంది. పన్నెండేళ్ళ తరువాత ఒకరి భుజం పక్కన నిద్రపోవడానికి సిద్ధపడుతున్న మనిషిలా ఉంది.

అప్పుడు మైకు బయటికి వచ్చింది. బస్సు యాత్రలో ఎక్కినవాళ్ళంతా తలో పాట పాడి తీరాలి. తప్పించుకునే దారి లేదు. ఉదగావా ఒక చేపలవాళ్ళ పాట పాడాడు. జనం ఓర్చుకున్నారు. మైకు రురికో ముందుకు వచ్చింది. డ్రైవరు కసహామావాడు. ఆమె గొంతు కసహామాలో ప్రతి తాగుబోతుకూ తెలుసు. ఒక్క చరణం పాడితే చాలు, రేపటికి ముఠా ముల్లంగి తోటలో ఉంటుంది.

ఆమె కళ్ళు తెరిచి అతని వైపు చూసింది.

ఉదగావా మైకు లాక్కున్నాడు. “మా చెల్లెలికి గొంతు నొప్పి. తన వంతు కూడా నేనే పాడతా.”

“మళ్ళీ నువ్వా!” బస్సంతా మూలిగింది.

అతను గొంతు సవరించుకుని పూర్తిపాట పాడాడు, ఒక్క చరణం కూడా వదలకుండా. ఆ మిషన్ మొత్తంలో అమాయక ప్రజలకు హాని జరిగింది ఆ కాసేపే.